కుక్కర్ విజిల్‌కి భయపడే పిల్ల, 12 కుకీలు

ఈ వారం ఎపిసోడ్ కుకీల గురించి. థంబ్‌నెయిల్‌లో కుకీలు చూసి, వంట చేసి చూపిస్తానేమో అనుకుని వచ్చిన వాళ్ళకి ముందే సారీ చెప్పేస్తున్నా. మేం కుకీలు చేసిన రోజు కెమెరా ఆన్ చేయలేదు. వీడియోలు తీసి బతికేవాడిని, అయినా తీయలేదు. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మా అక్క కూతురికి 7 ఏళ్ళు. రెండో తరగతి. స్కూల్లో స్టేజ్ ఎక్కి గడగడా పద్యం చెప్పేస్తుంది. వీధి కుక్కల్ని చూసినా జంకదు. కానీ కుక్కర్ విజిల్ అంటే మాత్రం హడల్. స్టవ్ మీద కుక్కర్ ఎక్కిందంటే రెండు చెవులూ మూసుకుని బెడ్‌రూమ్‌లోకి పరుగే. కారణం ఉంది. ఒకసారి పప్పు కుక్కర్ విజిల్ వేసినప్పుడు పసుపు నీళ్ళు చిమ్మి గోడంతా పడ్డాయి. అప్పుడు పిల్ల పక్కనే ఉంది. ఒంటి మీద ఒక్క చుక్క కూడా పడలేదు. భయం మాత్రం పట్టుకుంది.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. పోయిన సంక్రాంతికి అందరం కలిసినప్పుడు, అది అలా చెవులు మూసుకుని పరిగెత్తుతుంటే నేను ఫోన్‌లో తీశాను. స్లో మోషన్ పెట్టి, హీరో ఎంట్రీ మ్యూజిక్ కలిపి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాను. 40 మంది ఉన్న గ్రూప్. నవ్వే ఎమోజీలు వరసగా పడ్డాయి. ఒకళ్ళిద్దరైతే ఫోన్ చేసి మరీ "విజిల్ పాప ఉందా?" అని అడిగారు. నాకూ సరదాగానే అనిపించింది.

రెండు నెలల తర్వాత అక్క ఫోన్ చేసింది. పిల్ల వంటింట్లోకి రావడమే మానేసిందట. స్టవ్ ఆఫ్‌లో ఉన్నా రాదు. మంచినీళ్ళు కావాలన్నా గుమ్మం బయట నిలబడి అడుగుతుందట. ఎందుకే అంటే, "మళ్ళీ అందరూ నవ్వుతారు" అందట.

అది విన్నాక ఆ పూట నాకు అన్నం సయించలేదు. దానికి ముందు ఒక భయమే ఉండేది. దాని మీద సిగ్గు తెచ్చి పెట్టింది నేను.

"భయపడకు" అంటే భయం ఎందుకు పోదు?

మనం పిల్లలకి ఎక్కువగా చెప్పే మాటలు ఏంటి? "ఏం కాదు, భయపడకు." "పెద్దదానివయ్యావ్, ఇంకా భయమేంటి?" ఈ మాటల్లో చెడు ఉద్దేశం లేదు. కానీ పని చేయవు.

నా సంగతే చెప్తా. బీటెక్ అయ్యాక నేను కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. చేరిన మొదటి ఏడాదే ఒక సెట్టింగ్ తప్పుగా మార్చి, సర్వీస్ మొత్తం కాసేపు ఆగిపోయేలా చేశాను. "టెన్షన్ పడకు" అని పది మంది చెప్పారు. టెన్షన్ తగ్గిందా? లేదు. తర్వాత నెల రోజుల పాటు డిప్లాయ్ బటన్ చూస్తే చేతులు చెమటలు పట్టేవి. నన్ను బయట పడేసింది ఒక సీనియర్ అక్క. ఆవిడ ధైర్యం మాటలు ఏమీ చెప్పలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. "ముందు చాలా కొద్దిమంది యూజర్లకి మాత్రమే పంపిద్దాం. తేడా వస్తే వెనక్కి తీసుకుందాం" అంది. అంతే. అలా నాలుగుసార్లు చేశాక చేతుల చెమట తగ్గింది.

అంటే నాకు పనికొచ్చినవి మూడు. చిన్న పని, పక్కన మనిషి, తప్పు జరిగినా పెద్ద నష్టం లేకపోవడం.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. సైకాలజీలో దీనికి చాలా పాత ఉదాహరణ ఉంది. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే సైకాలజిస్ట్ ఒక చిన్న పిల్లాడి గురించి పేపర్ రాశారు. అందులో వాడి పేరు పీటర్. పని మొదలుపెట్టేటప్పటికి మూడేళ్ళు కూడా పూర్తిగా నిండలేదు. వాడికి కుందేలంటే విపరీతమైన భయం. ఆవిడ ఏం చేశారంటే, వాడిని కూర్చోబెట్టి ఇష్టమైనవి తినిపిస్తూ, బోనులో ఉన్న కుందేలుని దూరంగా పెట్టించారు. వాడు తింటూ ఉండగా కొంచెం కొంచెంగా దగ్గరికి తెచ్చారు. ఇంకో విషయం, కుందేలంటే భయం లేని పిల్లల్ని కూడా వాడితో పాటు ఆడనిచ్చారు. చివరికి కుందేలు తన వేళ్ళని కొరుకుతున్నట్టు ముట్టుకున్నా పీటర్ ఏడవలేదు.

గమనించారా? ఎక్కడా "భయపడకు" అన్న మాట పని చేయలేదు. పని చేసినవి తిండి, దూరం, తోడు. దూరం కూడా ఒక్కసారిగా తగ్గించలేదు.

ఇంకొకరు ఆల్బర్ట్ బండూరా. 1977లో ఆయన ఒక పేపర్‌లో "నేను చేయగలను" అన్న నమ్మకం మనిషికి ఎక్కడి నుంచి వస్తుందో వివరించారు. నాలుగు దారులు చెప్పారు. మనమే చేసి చూడటం, మనలాంటి వాళ్ళు చేస్తుంటే చూడటం, ఎవరైనా చెప్పడం, మన ఒంట్లో కలిగే దడ, స్థిమితం లాంటివి. వీటన్నిటిలో బలమైనది మొదటిది, అంటే చేసి చూడటం. మనం మాత్రం మూడోదాన్ని పట్టుకుని ఊగుతుంటాం. చెప్పిందే చెప్తాం.

మరి కుకీలే ఎందుకు?

నేను ఇది చదివి పెద్ద ప్లాన్ వేశానని అనుకోకండి. అక్క వాళ్ళు వేసవి సెలవులకి వచ్చారు. పిల్ల గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నాకు ఏం చేయాలో తెలియలేదు. "కుకీలు చేద్దామా?" అన్నాను. చేశాక తీరిగ్గా ఆలోచిస్తే అర్థమైంది, ఇది మంచి ఎంపికే.

దోసె తీసుకోండి. మొదటి సెకను నుంచి వేడి పెనం ముందు నిలబడాలి. పూరీ అయితే నూనె. కుకీల్లో ఎక్కువ పని స్టవ్ వెలిగించకముందే అయిపోతుంది. కొలవడం, జల్లించడం, కలపడం, ఉండలు చేయడం, అన్నీ చల్లటి పనులే. రెండోది, ఒకేసారి అన్నీ కాల్చక్కర్లేదు. కొన్ని పెట్టి చూడొచ్చు. పాడైతే పోయేది గుప్పెడు పిండే. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి చెప్పక్కర్లేదు, చిన్న బ్యాచ్ అన్నమాట. మూడోది, మధ్యలో ఆగాలి. ఆ ఆగే టైమ్‌లోనే మాటలు వస్తాయి.

మా ఇంట్లో ఓవెన్ లేదు. కాబట్టి చేయాల్సింది దేంట్లో? కుక్కర్‌లో.

అవును, అదే కుక్కర్‌లో.

విజిల్ ఎవరు తీశారు?

ముందు పిల్ల ఒక్కటే అడిగింది. "మామయ్యా, నువ్వు వీడియో తీస్తావా?"

"తీయను" అన్నా. నమ్మలేదు. ఫోన్ స్విచ్ ఆఫ్ చేసి దాని చేతికే ఇచ్చాను. తీసుకెళ్ళి అమ్మమ్మ దిండు కింద దాచి వచ్చింది. అప్పుడు గుమ్మం దాటి ఒక అడుగు లోపలికి వేసింది. ఆ రోజు వీడియో లేకపోవడానికి కారణం అదే.

పాత కుక్కర్‌ని నేల మీద పెట్టాను. చల్లగా, ఖాళీగా ఉంది. "దీన్ని ఓవెన్ చేయాలంటే విజిల్, రబ్బరు రెండూ తీసేయాలి. నువ్వు తీస్తావా, నేను తీయనా?" అన్నా. రెండు నిమిషాలు చూసింది. తర్వాత రెండు వేళ్ళతో విజిల్ పట్టుకుని పైకి లాగింది. చేతిలో పెట్టుకుని ఊపి చూసింది. "ఇంతేనా?" అంది.

అప్పుడు చెప్పాను అది ఎందుకు కూస్తుందో. మామూలు గిన్నెలో నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. కుక్కర్ మూత బిగిస్తే ఆవిరి లోపలే ఉండిపోయి ఒత్తిడి పెరుగుతుంది, అప్పుడు వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది. అందుకే పప్పు తొందరగా ఉడుకుతుంది. ఒత్తిడి మరీ ఎక్కువైతే ఆవిరి ఈ బరువుని పైకి లేపి బయటికి పోతుంది. ఆ చప్పుడే విజిల్. అంటే "నా లోపల ఎక్కువైంది, కొంచెం వదిలేస్తున్నా" అని కుక్కర్ చెప్పడం. 1679లో డెనీ పాపాన్ అనే ఫ్రెంచ్ ఆయన ఇలాంటి ఆవిరి పాత్ర మొదట చేశాడు. అప్పటి నుంచీ అసలు సమస్య ఆవిరిని పట్టి ఉంచడం ఒక్కటే కాదు, సమయానికి వదలడం కూడా.

"అయితే అది ఏడుస్తుందా?" అని అడిగింది పిల్ల. "ఏడవడం కాదు, ఊపిరి వదలడం" అంది మా అమ్మ వెనక నుంచి. నా 120 డిగ్రీల లెక్కకంటే ఆ మాటే బాగా ఎక్కింది.

కొలతలు, పద్ధతి

రాసుకోండి. గోధుమ పిండి 1 కప్పు, పొడి చేసిన చక్కెర అర కప్పు, పేరుకున్న నెయ్యి అర కప్పు, బేకింగ్ పౌడర్ పావు టీస్పూన్, చిటికెడు ఉప్పు, రెండు యాలకుల పొడి. పిండి ముద్ద కాకపోతే ఒకటి రెండు చెంచాల పాలు. గుడ్డు లేదు. చిన్నవి 12 దాకా వస్తాయి.

నెయ్యి కరిగించొద్దు. పేరుకున్న నెయ్యిలో చక్కెర వేసి తెల్లబడేదాకా గిలక్కొట్టాలి. దాంట్లోకి సన్నటి గాలి బుడగలు చేరతాయి, కుకీ గుల్లగా రావడానికి అవి కావాలి. తర్వాత జల్లించిన పిండి, బేకింగ్ పౌడర్, ఉప్పు, యాలకుల పొడి వేసి ముద్ద అయ్యేదాకా కలపాలి. చపాతీ పిండిలా పిసకొద్దు. ఎక్కువ పిసికితే గోధుమలోని గ్లూటెన్ సాగి బిగుసుకుంటుంది, కుకీ రాయిలా అవుతుంది. ఉండలు చేసి కొంచెం నొక్కి, నెయ్యి రాసిన ప్లేట్‌లో ఎడం ఎడంగా పెట్టండి. నెయ్యి కరిగాక అవి పరుచుకుంటాయి.

కుక్కర్ అడుగున ఒక కప్పు రాళ్ళ ఉప్పు పోసి, దాని మీద స్టాండ్ పెట్టి, విజిల్, రబ్బరు లేకుండా మూత పెట్టి 10 నిమిషాలు వేడి చేయండి. తర్వాత ప్లేట్ లోపల పెట్టి, సిమ్‌లో 15 నుంచి 20 నిమిషాలు. ఒక జాగ్రత్త. నీళ్ళు లేకుండా కుక్కర్‌ని వేడి చేయొద్దని కొన్ని కంపెనీలు తమ బుక్‌లెట్‌లోనే రాస్తాయి. కొత్త కుక్కర్‌తో చేయొద్దు. పాత మందపాటి గిన్నె, దానికి సరిపడే మూత ఉంటే అది ఇంకా మంచిది.

స్టవ్ వెలిగించడం, వేడి ప్లేట్ లోపల పెట్టడం, పట్టకారుతో తీయడం, ఇవి పెద్దవాళ్ళ పనులే. ధైర్యం నేర్పడం అంటే నిప్పు దగ్గరికి తోయడం కాదు. ఇంకోటి, పచ్చి పిండి ముద్దని నోట్లో వేసుకోనివ్వకండి. గుడ్డు లేకపోయినా సరే. కాల్చని పిండిలో కడుపుకి పడని బ్యాక్టీరియా ఉండొచ్చు.

మొదటి 6 మాడిపోయాయి

ప్లేట్‌లో 6 పట్టాయి. నేను తొందరపడి మంట పెద్దది పెట్టాను. 12 నిమిషాలకే మాడు వాసన. తీసి చూస్తే పైన తెల్లగా, అడుగున నల్లగా ఉన్నాయి. పిల్ల మొహం చిన్నబోయింది. "నా వల్లేనా?" అంది.

ఇది అసలు ముఖ్యమైన క్షణం. "పర్లేదులే, బాగానే ఉన్నాయి" అనేయొచ్చు. కానీ పిల్లలకి కళ్ళు ఉంటాయి. నల్లగా ఉన్నదాన్ని బాగుంది అంటే, రేపు నిజంగా బాగున్నప్పుడు చెప్పినా నమ్మరు. "నీ వల్ల కాదు. మంట నేను పెట్టాను, ఎక్కువైంది" అన్నా. "మరి ఇప్పుడు ఏం మారుద్దాం?"

ఒక కుకీని తిప్పి తిప్పి చూసింది. "కింద నల్లగా ఉంది, పైన లేదు. అంటే వేడి కింద నుంచే వస్తోంది" అంది. నిజంగా ఏడేళ్ళ పిల్ల అంది. నేను ఉద్యోగంలో బగ్ వెతకడానికి చేసిన పని కూడా ఇదే. మంట సిమ్‌కి తగ్గించాం. స్టాండ్ మీద ఇంకో ఖాళీ ప్లేట్ పెట్టి, దాని మీద కుకీల ప్లేట్ పెట్టాం. ఈసారి 18 నిమిషాలు.

ఆ 18 నిమిషాల్లో మా అమ్మ తన చిన్నప్పటి సంగతి ఎత్తుకుంది. వాళ్ళ ఊళ్ళో సెలవుల్లో పిల్లలంతా ఇంటి నుంచి పిండి, చక్కెర, డాల్డా డబ్బాల్లో పట్టుకుని బేకరీకి వెళ్ళేవాళ్ళట. బేకరీ అతను కూలి తీసుకుని కలిపి, బట్టీలో కాల్చి ఇస్తే, రేకు డబ్బా నిండా బిస్కెట్లు నెత్తిన పెట్టుకుని ఇంటికి. "బట్టీ నోరు చూస్తే నాకు వణుకు. మా అన్నయ్య చొక్కా పట్టుకుని వెనకాల నిలబడేదాన్ని" అంది అమ్మ. పిల్ల నోరు తెరిచి చూసింది. అమ్మమ్మకి కూడా భయం ఉండేదా? ఆ ఇంట్లో భయం ఉన్నది తనొక్కదానికే కాదన్న సంగతి దానికి అప్పుడే తెలిసింది. నాక్కూడా ఆ కథ అంతకుముందు తెలియదు. 29 ఏళ్ళు ఒకే ఇంట్లో మనిషి.

రెండో ప్లేట్ తీశాం. అంచులు లేత గోధుమ రంగు. ఆ రంగు, ఆ వాసన ఎందుకొస్తాయంటే, పిండిలోని ప్రొటీన్లు, చక్కెరలు వేడికి కలిసి కొత్త పదార్థాలుగా మారడం వల్ల. దాన్ని మైలార్డ్ రియాక్షన్ అంటారు. 1912లో లూయీ కమీల్ మైలార్డ్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త దాని గురించి రాశారు. రొట్టె మీద మచ్చలు, వేయించిన కాఫీ గింజల వాసన, అన్నిట్లో ఇదే ఉంటుంది. నీళ్ళ వేడి దాటాకే ఇది జోరందుకుంటుంది. అందుకే ఉడకబెట్టిన పిండికి ఆ రంగు రాదు.

పిల్ల చెంచాతో ఒకదాన్ని నొక్కింది. మెత్తగా కుంగిపోయింది. "ఇవీ పాడయ్యాయి!" కళ్ళలో నీళ్ళు. కాదు. వేడి మీద కుకీ మెత్తగానే ఉంటుంది. లోపల నెయ్యి ఇంకా ద్రవంగా ఉంటుంది. చల్లారాక నెయ్యి, చక్కెర బిగుసుకుంటేనే కరకరలాడుతుంది. "10 నిమిషాలు ముట్టుకోకు" అన్నా. ఆ రోజు దానికి అన్నిటికంటే కష్టమైన పని అదే. గడియారం ముందు కూర్చుంది.

10 నిమిషాల తర్వాత కొరికితే కరకరమంది. మొదటిది అమ్మమ్మకి పెట్టింది. రెండోది నాకు.

మీరు చేస్తే గుర్తుపెట్టుకోవాల్సినవి

చేతిలోంచి లాక్కోకండి. దాని ఉండలు వంకరగా ఉన్నాయని నేను ఒకటి సరిచేశాను. వెంటనే చేతులు వెనక్కి పెట్టుకుంది. వంకర కుకీ కూడా అదే రుచి.

వయసుని బట్టి పని ఇవ్వండి. మూడు నాలుగేళ్ళ వాళ్ళు జల్లించగలరు, కలపగలరు. ఆరేడేళ్ళ వాళ్ళు కొలవగలరు, ఉండలు చేయగలరు. ఇద్దరు పిల్లలుంటే పోటీ పెట్టకండి. ఒకరి పని అయితేనే ఇంకొకరిది మొదలయ్యేలా పంచండి.

ఎప్పుడు ఆపాలో పిల్లలే చెప్పనివ్వండి. గుమ్మం దగ్గరే ఉంటానంటే అక్కడికే గిన్నె తీసుకెళ్ళండి. భయం వల్ల పిల్లల నిద్ర, తిండి, స్కూల్ దెబ్బతింటుంటే మాత్రం కుకీలతో సరిపెట్టకండి, పిల్లల డాక్టర్‌కో సైకాలజిస్ట్‌కో చూపించండి.

తర్వాత ఏమైంది?

భయం పోయిందని చెప్తే అబద్ధం అవుతుంది. రెండు రోజుల తర్వాత అమ్మ అన్నం కుక్కర్ పెట్టింది. పిల్ల బెడ్‌రూమ్‌లోకి పరిగెత్తలేదు. గుమ్మం దగ్గర నిలబడి, చెవులు మూసుకుని, గట్టిగా లెక్కపెట్టింది. "ఒకటి... రెండు... మూడు... అమ్మమ్మా, ఆపేయ్!" ఇప్పుడు మా ఇంట్లో విజిళ్ళు లెక్కపెట్టే డ్యూటీ దానిదే. చెవులు ఇంకా మూసుకుంటుంది. మూసుకోనివ్వండి.

ఆ పాత వీడియో సంగతి. డిలీట్ చేద్దామని గ్రూప్ తెరిచాను. అందరికీ డిలీట్ అయ్యే టైమ్ ఎప్పుడో దాటిపోయింది. నా ఫోన్‌లో మాత్రమే పోతుంది. మిగతా 39 ఫోన్లలో ఉంటుంది. అందుకని గ్రూప్‌లో రాశాను: "సంక్రాంతి వీడియో నేను తీసి ఉండాల్సింది కాదు. దయచేసి అందరూ మీ ఫోన్లలోంచి తీసేయండి. ఎవరూ పిల్లని ఆ పేరుతో పిలవొద్దు." పంపే ముందు పిల్లకి చదివి వినిపించాను. "పంపించు" అంది. ఆ బటన్ నొక్కడానికి నాకు ఎంతసేపు పట్టిందో చెప్తే మీరు నవ్వుతారు. అది నా పక్కనే కూర్చుంది కాబట్టి నొక్కగలిగాను.

మాడిన కుకీలకి రెండో ప్లేట్ ఉంటుంది. పంపేసిన వీడియోకి ఉండదు. మీ ఇంట్లో చిన్నపిల్లలు దేనికైనా భయపడుతుంటే ఈ ఆదివారం ఫోన్ దిండు కింద పెట్టి, ఒక కప్పు పిండి కొలవండి.

మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా ఉంటాను మరి, బై.